పొగడ్తల రికవరీ

నేను పదవీ విరమణ చేసిన మర్నాడు ఉదయం పదింటికి ఎప్పటిలాగే ఆఫీసుకి వెళ్ళాను. ఇందులో వింతేమీ లేదు. నిబంధనల ప్రకారమే వెళ్ళాను.

మాది కాలువల నీటిమట్టాల నమోదు కార్యాలయం. పద్నాలుగు లాకుల దగ్గర నీళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయో రోజుకి రెండుసార్లు కనుక్కుని రిజిస్టరులో రాసుకోవడం మా పని. ఆ రిజిస్టరును ఎవరు చూస్తారో ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో నాకు తెలియలేదు. నేనక్కడ సూపరింటెండెంటుని. పేరు పేరూరి వామనరావు. వయసు యాభై ఏడు. ఒంటరివాణ్ణి. అది కష్టమని ఎప్పుడూ అనుకోలేదు. దగ్గర ఎవరూ లేనప్పుడు నా మనసు ఏం చేస్తోందో చూస్తూ కూర్చోవడం చిన్నప్పటి నుంచీ అలవాటు. అది ఎక్కువగా అబద్ధాలు చెబుతూ ఉంటుంది.

ఆ ఏడాది మాకొక సర్కులరు వచ్చింది. పేరు 'సేవాకాల విశ్రాంత ప్రయోజన పథకం'. యాభై అయిదు దాటిన ఉద్యోగి ఉద్యోగం మానకుండానే పెన్షను తీసుకోవచ్చు. ఎప్పటి నుంచి అన్నది అతని ఇష్టం. ఇప్పుడే తీసుకుంటే తక్కువ, ఆగినకొద్దీ ఎక్కువ. తీసుకున్నాక తొంభై రోజుల లోపల ఒకే ఒక్కసారి మనసు మార్చుకోవచ్చు. ఇంతవరకూ సబబుగానే ఉంది. తొమ్మిదో క్లాజు మాత్రం నేను రెండుసార్లు చదివాను.

"ఉద్యోగము మానకుండ పదవీ విరమణ చేయు ఉద్యోగి విషయమున, విరమణ జరిగినదనుటకు వేరొక సాక్ష్యము ఉండనేరదు గనుక, వీడ్కోలు సభయే సాక్ష్యముగా పరిగణింపబడును. సభ ఛాయాచిత్రము, సన్మాన పత్రము, వక్తల ప్రసంగముల పూర్తి పాఠము మూడేసి ప్రతులలో జతపరచవలెను."

"తీసేసుకోండి గురువుగారూ," అన్నాడు సింహాద్రి. అతను మా సీనియర్ అసిస్టెంటు. నేను లేస్తే నా కుర్చీలోకి వచ్చేది అతనే. "రేపేమవుద్దో ఎవరికి తెలుసండీ? మా పెద్దమావయ్య డెబ్భయ్యో ఏట తీసుకుందామని ఆగాడండి. అరవై తొమ్మిదిలో పోయాడు."

"అప్పట్లో ఈ పథకం లేదుగా?"

"లేదనుకోండి. ఉంటే ఆగేవాడు. ఆయన తత్వం అలాంటిదండి."

వారం రోజులు కాగితం మీద గీతలు గీశాను. డెబ్భై నాలుగేళ్ళు దాటి బతికితే ఆగడం లాభం, దాటకపోతే ఇప్పుడే తీసుకోవడం లాభం. ఎంతకాలం బతుకుతానన్నది నా చేతిలో లేదు కనుక గీతలు అక్కడే ఆగిపోయేవి. అయినా ఎనిమిదో రోజున దరఖాస్తు పెట్టేశాను. అందులో 'కారణం' అని ఒక గడి ఉంది. 'తక్షణ అవసరాలు' అని రాశాను. నాకు తక్షణ అవసరాలేవీ లేవు. మనిషి తీసుకునే ప్రతి నిర్ణయానికీ రెండు కారణాలుంటాయి. ఒకటి గడిలో రాసేది. రెండోది తనకి కూడా చెప్పుకోనిది.

వీడ్కోలు సభ మా రికార్డు గదిలో జరిగింది. బీరువాలు పక్కకి జరిపి, నలభై ప్లాస్టిక్ కుర్చీలు అద్దెకి తెచ్చి, మైకు పెట్టారు. మాటలు సాక్ష్యం కనుక హైమావతి ఒక మూల కూర్చుని వినబడినవన్నీ టైపు చేసింది. ఆమె మా టైపిస్టు.

ముందు డిప్యూటీ డైరెక్టర్ చిత్తరంజన్ గారు లేచారు. "వామనరావు గారి నిష్క్రమణతో ఈ కార్యాలయ చరిత్రలో ఒక అధ్యాయం పరిసమాప్తమవుతోంది. ఈ లోటు తీర్చలేనిది. తీర్చలేనిదని నేను అధికారికంగా చెబుతున్నాను," అన్నారు.

సింహాద్రి మైకు రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఈయన నాకు తండ్రిలాంటివారండి," అన్నాడు. నాకన్నా నాలుగేళ్ళు చిన్నవాడు. తర్వాత నిజంగానే ఏడ్చాడు. హైమావతి టైపు చేయడం ఆపి లేచి, "ఈయనకి కోపం అంటే ఏమిటో తెలీదు," అని చెప్పి, మళ్ళీ కూర్చుని ఆ మాట కూడా టైపు చేసింది.

నలుగురు మాట్లాడాలని నిబంధన. నాలుగో మనిషి దొరక్కపోవడంతో మిక్స్చరు పొట్లాలు పంచుతున్న సువార్తమ్మని మైకు దగ్గరికి తోశారు. ఆమె మా అటెండరు. పంతొమ్మిదేళ్ళుగా మాకు టీ పెట్టేదీ, ఫైళ్ళు మోసేదీ ఆమే.

"నాకేం మాటాడ్డం రాదండి," అంది. "రోజూ టీ తాగాక ఈయన తన గ్లాసూ, నా గ్లాసూ కడిగి బోర్లిస్తారండి. అంతేనండి."

అందరూ నవ్వి చప్పట్లు కొట్టారు. నేను నవ్వలేదు. మిగతా మాటలు విన్నప్పుడు వాళ్ళు ఎవరి గురించి మాట్లాడుతున్నారా అని చుట్టూ చూడాలనిపించింది. ఇది విన్నప్పుడు మాత్రం ఎవరో నా గది తలుపు తీసి నన్ను చూసినట్టయింది.

మెడలో దండలతో జీపెక్కించి, ఊరేగింపుగా ఇంటిదాకా దిగబెట్టారు. చేతిలో గోడ గడియారం, భుజాన శాలువా. తాళం నేనే తీసుకున్నాను. ప్రసంగాల మూడు ప్రతుల్లో ఒకటి నాకిచ్చారు. అన్నం తింటూ దాన్ని నాలుగుసార్లు చదివాను. నా తక్షణ అవసరం ఏమిటో అప్పుడు అర్థమైంది.

మర్నాడు పదింటికి వెళ్ళేసరికి నా కుర్చీలో సింహాద్రి ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"అలవాటు చేసుకుందామనండి..."

"నేనింకా ఉద్యోగంలోనే ఉన్నాను సింహాద్రీ."

"అయ్యో, తెలుసండి. తెలిసే కదండీ ఏడ్చింది."

వెళ్ళిపోయే మనిషిని పొగడడం తేలిక. పొగిడిన మనిషి మర్నాడు ఎదురు బల్ల దగ్గర కూర్చుంటే ఎలా బతకాలో మా ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. సింహాద్రి నన్ను చూసినప్పుడల్లా కళ్ళు తుడుచుకోవాలా వద్దా అన్నట్టు చెయ్యి సగం లేపేవాడు. నాకు కోపం అంటే తెలియదని చెప్పిన హైమావతి దాన్ని పరీక్షించడం మొదలుపెట్టింది. ఒకరోజు ఏడో లాకు దగ్గర నీటిమట్టం డెబ్భై అడుగులని టైపు చేసింది. ఆ లెక్కన మా ఆఫీసు, ఆఫీసు పక్క సినిమాహాలు, ఊళ్ళో సగం నీళ్ళలో ఉండాలి. నేను చిరునవ్వుతో సున్నా కొట్టేశాను. ఆమె ముఖంలో ఊరట కనిపించింది. నా దవడలు నొప్పి పుట్టాయి.

రిజిస్టరు రెండు రోజులు ఆలస్యమైతే చిత్తరంజన్ గారు నన్ను పిలిచి, మెమో ఇవ్వబోయి, మానేశారు. "తీర్చలేని లోటుకి మెమో ఎలా ఇవ్వను వామనరావు గారూ? రెండు కాగితాలూ ఒకే ఫైలులో ఉంటాయి," అన్నారు బాధగా.

సన్మాన పత్రానికి చట్రం కట్టి నా కుర్చీ వెనక గోడకి తగిలించారు. వచ్చినవాళ్ళు ముందు దాన్ని చదివి, తర్వాత నన్ను చూసేవారు. చూడగానే చిన్న నిరాశ. గోడ మీది వామనరావు అంటే నాకు కొద్దికొద్దిగా అసూయ పుట్టింది. ఆయన పోయాడు, నేను మిగిలాను.

సాయంత్రం నాలుగుంపావుకి సువార్తమ్మ టీ తెచ్చేది. తన గ్లాసుతో కాలువ వైపు కిటికీ పక్క స్టూలు మీద కూర్చునేది. తాగాక నేను రెండు గ్లాసులూ పంపు దగ్గర కడిగి బోర్లించేవాణ్ణి. సభకి ముందూ అంతే, తర్వాతా అంతే. ఆఫీసులో మారనిది అదొక్కటే.

ఎనభయ్యో రోజున మనసు మార్చుకున్నాను. పెన్షను ఇప్పుడొద్దని, తర్వాత తీసుకుంటానని రాసిచ్చాను. మూడేళ్ళు ఆగితే పావువంతు ఎక్కువ వస్తుంది. 'కారణం' గడిలో 'అధిక రేటు' అని రాశాను. అసలు సంగతి వేరు. మళ్ళీ విరమణ చేస్తే మళ్ళీ సభ జరుగుతుంది. మొదటిసారి తొట్రుపాటులో సరిగ్గా వినలేదు. ఈసారి నెమ్మదిగా విందామని.

పెన్షను సొమ్ము వెనక్కి కట్టడం అరపూటలో అయిపోయింది. పదిహేను రోజులకి ఆడిట్ నుంచి త్రినాథ్ అనే అధికారి వచ్చాడు. నెమ్మదైన మనిషి. ఎర్ర పెన్సిలు, సొంత మరచెంబులో వేడినీళ్ళు. చిత్తరంజన్ గారి గదిలో నన్ను ఎదురుగా కూర్చోబెట్టి ఫైలు తెరిచాడు.

"సొమ్ము జమ అయింది. గడియారం, శాలువా జమ అయ్యాయి. దండ ఎండినది ఒకటి, జమ అయింది. పొగడ్తలు జమ కాలేదు."

"ఏమిటండీ?"

"విరమణ చేసినవారికి మాత్రమే చెల్లే పొగడ్తలు మీరు తీసుకున్నారు. ఇప్పుడు మీరు విరమణ చేయలేదు. కనుక అవి ముందుగా డ్రా చేసినవి. సేవలో ఉన్న ఉద్యోగిని పొగడడానికి వార్షిక గోప్య నివేదిక ఒక్కటే మార్గం. మీవి చూశాను. ముప్ఫై ఒక్క ఏళ్ళూ 'సంతృప్తికరం'." ఎర్ర పెన్సిలు కాగితం మీద ఆగింది. "సంతృప్తికరమైన ఉద్యోగి పోతే తీర్చలేని లోటు ఏర్పడదు. ఏర్పడితే నివేదికలు తప్పు. నివేదికలు రాసినవారు ఎవరు?"

చిత్తరంజన్ గారు కుర్చీలో సర్దుకున్నారు. "లోటు విషయంలో నేను కొంత భావావేశానికి లోనైన మాట వాస్తవం," అన్నారు. "పరిశీలన మీదట అది తీర్చదగిన లోటే అని తేలుతోంది."

"ఆ మాట సభలో చెప్పాలి. ఏ రూపమున చెల్లింపు జరిగినదో ఆ రూపముననే వసూలు జరుగవలెనని నిబంధన."

అలా రికవరీ సభకి తేదీ వేశారు. అవే నలభై కుర్చీలు, అదే మైకు. ఊరేగింపుగా ఇంటి దగ్గర దిగబెట్టారు కనుక ఊరేగింపుగానే ఇంటి నుంచి తీసుకురావాలన్నారు. జీపు వెనక్కి నడపాలా అని డ్రైవరు అడిగాడు. అవసరం లేదని ఆడిట్ స్పష్టం చేసింది. దండ లేకుండా జీపులో నిలబడి వస్తుంటే దారిలో ఒకాయన ఏ పార్టీ అని అడిగాడు.

వేదిక మీద నన్ను మధ్య కుర్చీలో కూర్చోబెట్టారు. త్రినాథ్ పక్కన కూర్చుని జాబితా చదివాడు. మిక్స్చరు పొట్లాలు, సింహాద్రి కన్నీళ్ళు వసూలుకి వీలుకానివిగా రద్దు పద్దులో వేశారు. మిగతావి ఒక్కొక్కటే పిలిచారు.

చిత్తరంజన్ గారు లోటు తీర్చదగినదని ప్రకటించి, "అధ్యాయం పరిసమాప్తం కాలేదని, కొనసాగుతున్నదని, అందులో విశేషమేమీ లేదని సవినయంగా మనవి," అని కూర్చున్నారు.

సింహాద్రి నా వైపు చూడకుండా మైకు అందుకున్నాడు. "ఈయన నాకు తండ్రిలాంటివారు కారండి. మా నాన్నగారు వేరే ఉన్నారు. కొవ్వూరులో ఉంటారండి. ఈయనకీ ఆయనకీ ఏ పోలికా లేదు. ఆయన పొడుగు."

"ప్రేమాభిమానాలు?" అన్నాడు త్రినాథ్, పెన్సిలుతో గీత చూపిస్తూ.

"అవీ లేవండి. ఉన్నా కొద్దిగా. ఆఫీసు టైములో మాత్రమేనండి."

హైమావతి లేచి, రెండేళ్ళ కిందట వరదలప్పుడు నేనొకసారి టెలిఫోను గట్టిగా పెట్టేశానని చెప్పింది. "అది కోపమే అయ్యుండాలండి," అని, వెళ్ళి ఆ మాట టైపు చేసుకుంది.

వింటున్నకొద్దీ నాలో ఒక వింత సుఖం మొదలైంది. చట్రంలోని మనిషి ముక్కముక్కగా రాలిపోతున్నాడు. తీర్చలేనివాడు పోయాడు, తండ్రి పోయాడు, కోపం తెలియనివాడు పోయాడు. వీళ్ళెవరూ నేను కాదు. కానీ జాబితాలో ఇంకొక్క మాట మిగిలి ఉంది. దాన్ని కూడా తీసేస్తే ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేనక్కడ ఉన్నాననడానికి ఏమీ మిగలదు.

"సువార్తమ్మ, అటెండరు," అని పిలిచాడు త్రినాథ్.

ఆమె కొంగు దోపుకుని వచ్చింది. "నేను పొగడలేదండి. గ్లాసులు కడుగుతారన్నాను. కడుగుతారు."

"ఆ మాట వెనక్కి తీసుకోవాలమ్మా."

"ఎలాగండీ? జరిగింది కదండీ మరి. మొదట్లో మడేమో అనుకున్నానండి. నా చేతి గ్లాసు నాకే వదిలేత్తారనుకున్నా. చూస్తే నాది కూడా కలిపి కడిగి, తనదాని పక్కనే బోర్లించారు. ఆ రోజు ఇంటికెళ్ళి మా ఆయనకి చెప్పానండి. అది లేదని ఎలా చెప్తాను? నా వల్ల కాదు."

త్రినాథ్ చాలాసేపు నియమావళి పేజీలు తిప్పాడు. తర్వాత నా వైపు వంగి, నాకు మాత్రమే వినబడేలా మాట్లాడాడు.

"ఇది పొగడ్త కాదు, ఒప్పుకుంటాను. వాస్తవం. వాస్తవమైతే ఇంకో చిక్కు. గ్లాసులు కడగడం అటెండరు విధి. ఆ విధి పంతొమ్మిదేళ్ళు మీరు చేస్తే, చేయని పనికి ఆమె జీతం తీసుకున్నట్టు. రోజుకి రెండు గ్లాసులు. లెక్క కట్టి ఆమె జీతంలోంచి కోయాలి. పెన్షను కూడా ఆగుతుంది. నాకిష్టం లేదు వామనరావు గారూ. కానీ సాక్ష్యం మూడు ప్రతుల్లో ఉంది. మీరు చెప్పండి. కడిగారా?"

నేను ఎందుకు కడిగానో నాకు తెలుసు. మొదటి కారణం మంచితనం కాదు. నేను తాగుతుంటే గ్లాసు కోసం ఒక మనిషి పక్కన నిలబడి ఎదురుచూడడం భరించలేకపోయాను. పక్కన మనిషి లేకుండా చేసుకోవడానికి కడిగాను. రెండో గ్లాసు సంగతి వేరు. అది ఎందుకు కడిగానో నన్ను నేను ఎప్పుడూ అడగలేదు. అడిగితే మనసు ఏదో ఒక అబద్ధం చెప్పి దాన్ని పాడుచేస్తుందని భయం.

మైకు అందుకున్నాను.

"సువార్తమ్మ పొరబడింది. గ్లాసులు నేను కడగలేదు. ఏ రోజూ కడగలేదు. అన్నీ ఆవిడే కడిగింది."

"అదేంటండీ!" ఆమె నా వైపు తిరిగింది. "మొన్న శుక్రవారం కూడా..."

"లేదు సువార్తమ్మా."

ఆమె కిందికి దిగి వెళ్ళిపోయింది. త్రినాథ్ చివరి గీత కొట్టి, వసూలు పూర్తయినట్టు రాసుకున్నాడు. ఛాయాచిత్రం తీశారు. అలవాటు కొద్దీ అందరం నవ్వాం. చట్రం గోడ మీంచి దింపేశారు. దాని చోట దీర్ఘచతురస్రంలా తెల్లటి మచ్చ మిగిలింది.

వెళ్ళేముందు త్రినాథ్ నాకొక ఫారం ఇచ్చాడు. మనసు మార్చుకున్నవాళ్ళు పెన్షను మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారో ముందుగానే తేదీ వేయాలి. వారం గడువు. ఇక మార్చడానికి వీల్లేదు.

సింహాద్రి రోజూ అడిగాడు. "ఎప్పటికి వేస్తున్నారండి తేదీ? తొందరేం లేదులెండి. నా కుర్చీ కాళ్ళు మరమ్మతు చేయించుకోవాలో వద్దో తెలుసుకుందామని అంతే."

ఫారం సొరుగులో పెట్టాను. మరో సభ కావాలన్న కోరిక నాలో మిగల్లేదు. కోరిక పోయాక తేదీకి ఆధారం కూడా పోయింది. మళ్ళీ కాగితం మీద గీతలు గీశాను. అవి మళ్ళీ డెబ్భై నాలుగు దగ్గరే ఆగాయి.

సువార్తమ్మ నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. టీ గ్లాసు బల్ల మీద టక్కుమని పెట్టేది. ఆఖరి గుక్క గొంతు దిగకముందే గ్లాసు లాక్కుని పంపు దగ్గరికి వెళ్ళి, ఆఫీసంతా వినబడేలా కడిగేది. తన టీ ఎక్కడ తాగేదో తెలియదు. కిటికీ పక్క స్టూలు ఖాళీగా ఉండేది.

అయిదో రోజు టీ పెట్టి అక్కడే నిలబడింది.

"ఎందుకన్నారండీ అలాగ? పదిమందిలో నన్ను అబద్ధాలకోరుని చేసేశారు."

"ఒప్పుకుంటే నీ జీతంలోంచి కోసేవాళ్ళు. పెన్షను ఆపేసేవాళ్ళు."

"ఆ సంగతి హైమావతమ్మ చెప్పిందండి, మొన్నే. ఆ ఆడిటాయన మీ చెవిలో చెప్పింది కూడా టైపు కొట్టిందంట."

"మరి తెలిసి కూడా..."

"తెలిస్తే మాత్రం కోపం రాదేటండీ?"

ఆమె లోపలికి వెళ్ళి, తన గ్లాసు తెచ్చుకుని, స్టూలు మీద కూర్చుని నెమ్మదిగా టీ తాగింది. నేనూ తాగాను. తాగాక తన గ్లాసు తెచ్చి నా గ్లాసు పక్కన పెట్టింది. తర్వాత కిటికీ దగ్గరికి వెళ్ళి, గదికి వీపు పెట్టి, ఊచలు పట్టుకుని నిలబడింది.

"కాలవలో నీళ్ళెంతున్నాయో చూస్తన్నానండి," అంది. "ఇటు పక్క ఏం జరిగినా నాకు కనపడదు."

రెండు గ్లాసులూ తీసుకుని పంపు దగ్గరికి వెళ్ళాను. చప్పుడు కాకుండా నీళ్ళు సన్నగా వదిలి కడిగాను. పక్కపక్కన బోర్లించాను. తిరిగి వచ్చేవరకూ ఆమె కిటికీ వైపే చూస్తూ ఉంది.

"ఎంతున్నాయి నీళ్ళు?" అన్నాను.

"మామూలేనండి."

ఆమె ఫైళ్ళు ఎత్తుకుని వెళ్ళాక బీరువా తీసి ఆమె సర్వీసు రిజిస్టరు చూశాను. పదవీ విరమణకి ఇంకా రెండేళ్ళ నాలుగు నెలలుంది. సొరుగులోంచి ఫారం తీసి, ఆ తేదీకి మర్నాటి తేదీ వేశాను. 'కారణం' గడిలో 'అధిక రేటు' అని రాశాను.